చేతి బరువు

అనంతపురం పెద్దాసుపత్రి, పద్నాలుగో నంబరు గది.
ఏసీ పనిచేస్తుంది గానీ
తలుపు కింది సందులోంచి మధ్యాహ్నం
లోపలికి వస్తూనే ఉంటుంది.

కుళ్ళాయమ్మ బోర్లా పడుకుంది,
మంచం అంచు దాటి రెండు పాదాలూ గాల్లో.
పొద్దున లేచి మొదటి అడుగేస్తే
మడమలో మేకు దిగినట్టుంటుందట.
"రెండో అడుగుకు సర్దుకుంటాది నాయనా.
ఆ మొదటిదే. దాన్ని ఎట్ల దాటాల్నో తెలీదు."

కాగితం మీద నాకు పేరు లేదు: పరిశీలకుడు–రెండు.
అనుభవం అన్న గడిలో ఐదు వారాలు అని రాశాను,
ఎందుకో అక్షరాలు చిన్నవైపోయాయి.
"నలభై ఏండ్లుగా ఈ కాలు మోస్తాండా,
నాకు గడి లేదా?" అంది, తల తిప్పకుండానే.

జెల్ వేసి ప్రోబ్ ఆనించాను.
ఎముక, తెల్లటి వంపు గీత.
దానికీ చర్మానికీ నడుమ మడమ మెత్త,
బూడిద రంగు గూళ్ళు గూళ్ళుగా.
దొరికిందన్న ఆత్రం,
జారిపోతుందేమోనన్న భయం.
అదిమి పట్టాను.
ఫ్రీజ్. ఇక్కడో చుక్క, అక్కడో చుక్క.
పదహారు పాయింటు రెండు.
చెయ్యి తీసి మళ్ళీ పెడితే
పదమూడు పాయింటు ఎనిమిది.
మూడోసారి ప్రోబ్ ఒరిగిందో, నేనే ఒరిగానో,
పదిహేడున్నర.

అదే కాలు. అదే మిషను.
గోడ గడియారంలో నాలుగు నిమిషాలు.
ఆమె కదల్లేదు, ఊపిరి కూడా నెమ్మదిగానే తీస్తోంది.
అయినా ఆ మడమ నా చేతుల్లో చిక్కిపోయి, మళ్ళీ ఒళ్ళు చేసింది.

"మండీలో శెనక్కాయలు తూసేటప్పుడు
తక్కెడకు బొటనేలు తగిలించే వాళ్ళను శానామందిని చూసినా.
నువ్వు కొలుస్తాండావా, తూస్తాండావా?"

దిల్షాద్ మేడమ్ వచ్చింది. పరిశీలకురాలు–ఒకటి.
పందొమ్మిదేళ్ళు.
ఆమె అంకెలు నాకు కనపడకూడదు, అది నియమం,
స్క్రీన్ అటు తిప్పేశారు.
చూడ్డానికి ఇంక చెయ్యి ఒక్కటే మిగిలింది.

ముందు మడమ పగుళ్ళు చూసింది.
నేను వాటిని చూడనే లేదు.
ఒక్కో పగుల్లోకీ వేలికొసతో జెల్ నింపి
ఆగింది. లోపల దాగిన గాలి బయటికొచ్చేదాకా
కుళ్ళాయమ్మను మనవడి చదువు అడుగుతూ ఆగింది.
తర్వాత చిటికెన వేలు చీలమండ మీద ఆనించి
ప్రోబ్ బరువంతా ఆ వేలికి అప్పగించింది.
పెనం మీద ఓళిగ ఉబ్బిందో లేదో
వేలితో చూసినంత,
అంతే తగిలింది.
ఒక్కసారి కొంచెం ఒరిగి, నిలబడి,
కాలితో పెడల్ నొక్కింది.
మూడుసార్లూ మొదటిసారే అన్నట్టు
మొదట్నుంచీ.

సాయంత్రం లెక్కల వన్నూరప్ప సారు
రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టాడు.
ఆమెవి: పదిహేడు పాయింటు ఒకటి, పదిహేడు, పదిహేడు పాయింటు ఒకటి.
ఏమీ అనలేదు.
నా మూడంకెల పక్కన పెన్సిలుతో
సన్నగా ఒక గీత గీసి, టీ తాగాడు.
నిజమైన మందం ఎంత సార్, అని అడిగాను.
"అది ఆ మడమకే తెలియాల" అన్నాడు.
కాసేపటికి మళ్ళీ, "దిల్షాదమ్మ కూడా తప్పే కావచ్చు.
కాకపోతే ఆమె తప్పు ఒక్కచోటే ఉంటాది,
వెతికి పట్టుకోవచ్చు."

రాత్రి కమలానగర్ మలుపులో గంగిశెట్టి అంగడి.
కొత్త సబ్బు బిళ్ళను నిలువుగా పట్టుకుని
కరెంటు కాటా మీద ఆనించాను.
ఐదువందల ముప్పై గ్రాములు.
ఊపిరి వదిలి మళ్ళీ. నాలుగువందల పన్నెండు.
చిటికెన వేలు కాటా అంచున పెట్టి, మోచెయ్యి బల్లకు ఆనించి,
రెండువందల తొంభై.
వెనక చక్కెర కోసం నిలబడ్డ పిల్లోడు నవ్వాడు.

"ఏం కొంటాండావప్పా?" అన్నాడు గంగిశెట్టి.

ఏం లేదన్నా,
చెయ్యి కొంచెం తగ్గించుకుంటాండా.