ట్రయల్

అందరూ దక్షిణానికే పోతారు.
ఆదివారం తెల్లారకముందే హెల్మెట్లు తళతళలాడించుకుంటూ
మామల్లపురం దాకా, ఓపికుంటే పుదుచ్చేరి దాకా.
అటు రోడ్డు నున్నన, కాఫీ ఖరీదు.
కొరుక్కుపేటలో మా షెడ్డుకు మాత్రం
సముద్రం అంటే ఉత్తరమే.

జాబ్ కార్డు మీద మీ పేరు నిరుపమ.
కొంకణ తీరం పొడుగునా ఒక్కదాన్నే పోతానన్నారు,
వానాకాలం అయినా సరే అన్నారు.
క్లచ్ కేబుల్ మార్చాను. ట్యాపెట్లు సర్దాను.
బ్రేకు షూలు గీకి, చెయిన్‌కి నూనె పట్టించాను.
కార్డు అడుగున ‘ట్రయల్’ అని చిన్న గడి ఉంటుంది.
అందులో ఎప్పుడూ నాలుగు కిలోమీటర్లనే రాస్తాను.
ఇరవై రెండేళ్లుగా నా యాత్రలన్నీ
ఆ గడిలోనే ఇమిడాయి:
ఎవరో లడఖ్ పోయే బండి మీద మూలకొత్తళం వంతెన దాకా,
ఎవరో గోవా పోయే బండి మీద చాకలిపేట సిగ్నల్ దాకా.

మొన్న మంగళవారం వాన.
ఐప్పసి వాన మీకు తెలియందా,
అప్పు వసూలుకొచ్చినవాడిలా
గుమ్మంలో చతికిలబడి లేవదు.
మీ బండి ఒక్క కిక్కుకే లేచింది.
తిరువొత్తియూరు దగ్గర వెనక్కి తిప్పాలి.
తిప్పలేదు.

కంటైనర్ లారీలు తోకకి తోక కట్టి
నిన్నటి నించీ అక్కడే ఉన్నాయట.
టార్పాలిన్ కింద ఒకాయన ఉల్లిపాయలు తరుగుతున్నాడు.
కుడిపక్క గట్టుగా పోసిన బండరాళ్ల మీద
అల విరిగి, రోడ్డెక్కి, నా మోకాలు తాకి
ఉప్పో వానో చెప్పకుండా బూటులోకి దిగింది.
ఎన్నూరులో పొగగొట్టాలకు పై సగం లేదు,
మబ్బు తినేసింది.
బూడిద కలిసిన చినుకులు.
అటు తెల్లచొక్కా వేసుకుని పోకూడదు, వేసుకుని పోయాను.

కొసస్తలై వంతెన మీద బండి దగ్గింది.
దగ్గి, నిలబడిపోయింది.
నాకు నవ్వాగలేదు.
నా చేత్తో నేను బిగించిన ప్లగ్గు క్యాపే
లోపలికి నీళ్లు తాగింది.
వెనక లారీ ఆగింది, సూళ్లూరుపేట బండి.
“ఏందన్నా, తడిసిందా?”
పాత లుంగీ అంచు పర్రున చింపి ఇచ్చాడు తుడవమని.
పేరు పెంచలయ్య.
“ఎంతదూరం?”
“ట్రయల్.”
“అదే, ఏ ఊరికి?”
ఆ మాట ఇంతవరకూ నన్నెవరూ అడగలేదమ్మా.
“ఇంకా తెలీదు” అన్నాను.
పెద్దగా నవ్వి హారన్ కొట్టుకుంటూ పోయాడు.

మీంజూరు. పొన్నేరి. రోడ్డుకి రెండు పక్కలా మునిగిన మళ్లు.
పులికాట్‌లో డచ్చివాళ్ల సమాధుల గేటు పక్క
రాతిలో చెక్కిన అస్థిపంజరం,
ఇన్ని వానలు చూసినవాడి నిబ్బరంతో నిలబడి ఉంది.
ఒకావిడ గొడుగు కింద రొయ్యలు అమ్ముతోంది,
గొడుగు రొయ్యలకి, ఆవిడకి కాదు.
ఇంకొంచెం ముందుకి పోతే పడవలరేవు.
అక్కడ రోడ్డు అయిపోయింది.
ఇంజన్ ఆపలేదు నేను.
మీ హెడ్‌లైటు నీళ్ల మీద పడి
అవతలి గట్టు వైపు కాస్త దూరం పోయింది,
నేను పోలేనంత దూరం.
నాలుగు నిమిషాలో, ఐదో చూశాను.
తర్వాత చలేసింది.

మీటరు చూసి మీరు అడుగుతారని తెలుసు.
గడిలో తొంభై ఆరు అని రాశాను,
ఆరుని రెండుసార్లు దిద్దాను.
పెట్రోలు నా డబ్బుతోనే పోయించాను,
బిల్లులో వెయ్యలేదు.
సైలెన్సర్ మీద ఉప్పు తుడిచాను.
వెనక టైరు గాడిలో రొయ్య మీసం ఒకటి ఇరుక్కుంది.
పిన్నుతో తీయబోయి వదిలేశాను,
ఆ పడమటి సముద్రాన్ని కూడా చూడనివ్వండి.

ఇంకొక మాట.
నిలవనీళ్లలో థ్రాటిల్ వదలొద్దు, గేరు మార్చొద్దు.
ప్లగ్గు క్యాపుకి ఈసారి గ్రీజు దట్టంగా పెట్టాను.
లుంగీ ముక్క సీటు కింద ఉంది.
ఉతికి ఆరేశాను, కానీ ఈ వానకి
ఇంకా పూర్తిగా ఆరలేదు.