లైటు గీత

చీమకుర్తిలో రాయి నల్లన.
కోస్తే నల్లన, తడిపితే ఇంకా నల్లన.
పాలిష్ ఎక్కితే లోపల్నించి వెండి చుక్కలు లేస్తాయి,
అద్దం పాలిష్ అంటారు మావాళ్లు.
పదకొండేళ్లుగా కాటా గదిలో కూర్చుని
ఆ మాట వింటూనే ఉన్నా.
ఇంకో రకం అద్దాలున్నాయని
నిన్న రాత్రే తెలిసింది.

మధ్యాహ్నం మూడింటికి కాటా కంప్యూటర్ పడిపోయింది.
దొంగ విండోస్, దాంట్లో ఏదో పురుగు.
బయట క్వారీ రోడ్డు మీద పద్నాలుగు లారీలు,
హారన్లు, ఓనరు ఫోన్లు.
చిట్టా పుస్తకం దులిపి చేత్తోనే రాసి పంపించా.
ఒంగోలు మెకానిక్ మూడు వేలడిగాడు,
ఎక్కించేది మళ్లీ ఆ దొంగదే.

పిన్ని కొడుకు జోయెల్ ఫోన్లో అన్నాడు:
లినక్స్ పెట్టక్కా, ఊరికే వస్తుంది.
అసలు చోట రద్దీ, మిర్రర్ నించి దింపుకో.
మిర్రరంటే?
నకలు. ఉన్నది ఉన్నట్టు ఊరూరా పెట్టుకుంటారు.
ఎవరు?
ఎవరో.

ఆ ఎవరో దగ్గర ఆగిపోయాను.
కాటా మనిషిని,
ఎవరో చెప్పిన తూకం ఏనాడూ రాసుకోలేదు.

జీఎస్టీ లాప్‌టాప్‌లో జాబితా తెరిస్తే చాంతాడంత.
మొదటిది పలకలేదు.
రెండోది తలుపు తీసింది, లోపల రెండేళ్ల నాటి సరుకు.
మూడోది పరిగెత్తి పరిగెత్తి
తొంభై ఏడు దగ్గర
ఎత్తెక్కలేని లోడు లారీలా మూలిగి చచ్చింది.
ఇంకోటి మహా వేగం, మహా మర్యాద,
లాటరీ కూడా తగిలిందని చెప్పింది.
మూసేశా.

అప్పుడొచ్చాడు నైట్ షిఫ్ట్ దస్తగిరి,
కనుబొమల దాకా రాతి బురద, చేతిలో టీ గ్లాసు.
"ఏంది సువార్తమ్మా, ఇంకా ఇంటికి పోలా?"
చెప్పాను. ఏది నిజం అద్దమో తెలీటం లేదని.
రమ్మని మిషన్ దగ్గరకు తీసుకుపోయి
పలక మీద ట్యూబులైటు పట్టాడు.
"రాయిని చూడబాక. రాయిలో లైటు గీతను చూడు.
గీత తిన్నగుంటే పనయినట్టు.
వంగిందంటే రాయి అబద్ధమాడతా ఉండాది."

ఆరో అద్దం ఎక్కడో మంచు దేశపు కాలేజీది.
నలభై నిమిషాల కిందటే సరుకు సరిచూసుకున్నామని
అడుగున చిన్నక్షరాల్లో రాసుంది.
నలభై నిమిషాలు!
నేను రెండో రొట్టె తింటున్నప్పుడు
అక్కడెవరో తుడిచి పోయారన్నమాట.
సెల్ నెట్ మీద రెండున్నర గంటలు పట్టింది.
మధ్యలో రెండుసార్లు కరెంటు పోయింది.

దిగింది. ఇక గీత పట్టి చూడాలి.
అసలు చోట రాసిన గుర్తు అరవై నాలుగు గళ్లు,
అంకెలూ, ఏ నించి ఎఫ్ దాకా ఆరక్షరాలూ.
పలకల మీద చాక్‌పీసుతో రాసేదీ అంతవరకే,
దస్తగిరికి వచ్చిన ఇంగ్లీషూ అంతే.
నేను ఫోన్లోది చదివా, తను తెర మీద వేలు పెట్టాడు.
ఏడు. ఉండాది. సి. ఉండాది. సున్నా. ఉండాది.
ముప్పై ఎనిమిదో గడి దగ్గర వేలాగింది.
"డి గాదు. బి."
కటింగ్ మిషన్ రొద ఒక్కసారిగా వినపడింది.
ఫోను మీద దుమ్ము. కొంగుతో తుడిచా.
బి.
తప్పు నా చూపుది.
మళ్లీ మొదటి గడి నించి మొదలెట్టాం,
ఈసారి తను అన్నాడు, నేను చూశాను.

నాలుగూ నలభైకి మొదటి లారీ.
కాటా నంబరు చూసి కొట్టా, చీటీ బయటకొచ్చింది.
ఖాళీ బండి తూకం సరిగ్గానే ఉంది.
డ్రైవరు చీటీ తిప్పి తిప్పి చూసి
"మేడం, ఇంకా నిన్ననే ఉన్నామా?" అన్నాడు.
నిన్నటి తారీకు, రాత్రి పదకొండూ పది.
గడియారం ఇంకా మన ఊరికి దిగలేదు.
పెన్నుతో కొట్టేసి, పక్కన ఇవాళ్టి తారీకేసి,
పొమ్మన్నా.