లప్పం

పది నిమిషాల పనన్నాడు డాక్టరు.
వీపు మీద, కాలర్‌కి జానెడు కింద,
పన్నెండేళ్ళు మోసిన కొవ్వుగడ్డ.
తీసి, సీసాలో వేసి చూపించాడు.
ఉడికిన గుడ్డు సొనలా ఉంది.
దీనికా ఇన్నాళ్ళు భయపడ్డాను!

నాలుగో రోజుకి చీము పట్టింది.
కుట్లు విప్పేశారు.
"ఇక కుట్టం. లోపల్నుంచి అదే పూడుకు రావాలి"
అంది నర్సు సలోమి,
తడి గాజుగుడ్డ గుంటలోకి దోపుతూ.
ఎన్నాళ్ళమ్మా?
"షుగరుంది కదా బాబాయ్."
అడిగింది తేదీ, చెప్పింది జబ్బు.

ఆటోనగర్‌లో ముప్ఫై ఏళ్ళుగా
కార్ల సొట్టలు తీసి రంగేసేవాణ్ణి.
లప్పం సంగతి నాకొకరు చెప్పక్కర్లేదు.
పల్చగా ఒక పూత. ఆరాలి.
వాటర్ పేపర్‌తో రుద్దాలి. మళ్ళీ పూత.
లోపల తడుండగా పైన నున్నగా చేసేస్తే
ఓనరు కనుక్కోలేడు,
బెజవాడ ఎండ కనిపెడుతుంది.
మే నెలకల్లా బుడగ లేస్తుంది.

ఇదంతా తెలిసీ
రోజూ పొద్దున్నే చొక్కా పైకెత్తి
స్టూలు మీద వెనక్కి తిరిగి కూర్చుని
ఖైరున్నిసాని అడుగుతాను, తగ్గిందా?
"తగ్గింది."
ఎంత?
"నిన్న ఉసిరికాయంత. ఇవాళ రేగ్గాయంత."
శుక్రవారానికి శనగ్గింజ చేసేసింది.

షెడ్డులో హెల్పర్ దుర్గారావు
ఫోన్లో ఫోటో తీసి చూపించాడు.
ఉసిరికాయ ఉసిరికాయలాగే ఉంది.
ఎర్రగా, తడిగా,
ఎవరో ఏదో చెబుతుంటే వింటున్న నోరులా.

కోపం రాలేదని చెప్పను.
రామవరప్పాడు రింగు దాకా తిట్టుకుంటూనే వెళ్ళాను.
అక్కడ సిగ్నల్లో ఒక తెల్లకారు,
ఎడమ తలుపు మీద బూడిదరంగు మచ్చతో.
నా చేతి లప్పమే.
రంగు పడకముందే విసిగి తీసుకుపోయాడాయన.
పదకొండు సార్లు చెప్పాను, "రేపు సార్" అని.
మోసం చెయ్యాలని కాదు.
ఎదురుగా వచ్చి నిలబడ్డ మొహానికి
ఇంకేం ఇస్తాం?
ఖైరున్నిసాకైతే నా మొహం కూడా కనబడదు,
వీపే.

ఇవాళ యాభై రెండో రోజు.
దూది తీసింది. చాలాసేపు మాట్లాడలేదు.
గిన్నెలో సెలైన్ నీళ్ళు చల్లబడుతున్నాయి.
ఏంటే?
"అంచున కొంచెం... పాల మీద మీగడ తొరక ఉంటుందే,
అట్లా ఉంది."
ఎంత అని అడగలేదు.
ఏ కాయా చెప్పలేదు తను.

చొక్కా దించుకుని షెడ్డుకెళ్ళాను.
నీలం స్విఫ్టాయన ఫోను.
బండి ఎప్పుడు రెడీ అని.
నోటి చివరిదాకా వచ్చింది, రేపు.

తెలీదండీ, అన్నాను.
ఇంకా ఆరుతోంది.