మూడో నెంబరు దగ్గర

రాళ్ళ లోడు మీద తిరిగే దస్తగిరి
రాత్రి పన్నెండుకి చిత్రదుర్గం దాటినాక ఫోన్ చేస్తాడు.
బాగుండావా అనడు.
"మూడోది మార్చినావా లేదా?" అంటాడు.

ఇరవై మూడేళ్ళ తగువు ఇది.
కోల్డ్ ఫెర్రీ వాళ్ళు చేసినవి ఐదే ఆల్బంలు,
ఆ తర్వాత విడిపోయి ఎవరి కూలికి వాళ్ళు పోయారంట.
వాళ్ళ ఊళ్ళోనైనా వాటి కోసం
ఇంతగా కొట్లాడుకునేవాళ్ళు ఉన్నారో లేదో.

గుంతకల్లు స్టేషన్ బయట సగం ధర డబ్బాలో
భక్తిపాటల అడుగున దొరికాయి ఐదు క్యాసెట్లు.
అట్టల మీది ఇంగ్లీషు కూడబలుక్కున్నా నోరు తిరగక
మేమే పేర్లు పెట్టుకున్నాం:
బకెట్టు, తడిసిన కుక్క, నల్లట్ట, రెండు కుర్చీలు,
అట్టే లేనిదానికి మొండిది.

ఐదో నెంబరు నల్లట్టకి. దీంట్లో గొడవ లేదు.
పేరొచ్చినాక పాడిన పాటలు,
కొత్త చొక్కాకి మడత పోనట్టుంటాయి.
నాలుగు...
ఉండు, నాలుగు తర్వాత చెప్తా.

మొదటిది మొండిదే.
ఎవరు కాపీ చేశారో గానీ టేపు చాలక
చివరి పాట సగంలో తెగిపోతుంది.
గొంతు పైకెక్కుతూ, ఎక్కుతూ, టక్!
పాలిష్ మిషన్ నడుస్తుండగా కరెంటు పోయినట్టు.
పోయినేడు మా పాప ఫోన్లో ఆ పాట మొత్తం వెతికి పెట్టింది.
ఇంకా మూడు నిమిషాలుంది.
మంచి మూడు నిమిషాలే.
వినేసి ఫోన్ తిరిగిచ్చేశాను.
నా పాట టక్ దగ్గరే అయిపోయింది.

రెండో చోట బకెట్టుండేది.
స్టీలు గిన్నె మీద చినుకు పడ్డట్టు
సన్నగా మోగే గిటారు.
తాడిపత్రిలో పదహారేళ్ళు రాళ్ళు నున్నగా చేశాక
అనంతపురం పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ
కాగితం మీద నా చెవి గీత గీసింది.
గీత పోయి పోయి కుడివైపు గుంతలో పడింది.
"సన్నటి శబ్దాలు పోయినాయి" అంది.
పిచ్చుకలు, కుక్కరు విజిలు, మా పాప మాటల్లో స-లు, శ-లు.
బకెట్టు.

తడిసిన కుక్క మాత్రం కిందినుంచి వస్తుంది,
బేసు, బండల గుండా, అరికాళ్ళలోకి,
లోడెత్తిన లారీ వీధి మలుపు తిరగకముందే
గ్లాసులో నీళ్ళకి తెలిసిపోయినట్టు.
ఎప్పుడూ నాలుగోదిగా పడున్నది
ఇప్పుడు రెండోది.
రెండు కుర్చీలు నాలుగుకి జరిగింది,
పాపం, దాని తప్పేం లేదు.

"కుక్కని మూడుకెక్కించమంటే
బకెట్టుని దించుతావా! చెవులుండాయా నీకు?"
ఆ మాట మాత్రం బాగా వినపడింది.
"రుచి మారిందిలేప్పా" అన్నాను.

"ఉండు, ఈ ముక్క ఇను" అని
ఫోను లారీ స్టీరియో దగ్గర పెట్టాడు.
ఇంజను వినపడింది. గాలి వినపడింది.
మిగతాది గుర్తున్నంత మేర నేనే వాయించుకున్నాను.
పాట అయిందో లేదో తెలీక
ఇంకాసేపు ఆగి
"మూడే" అన్నాను.