పేరుకు కిరాయి

నారాయణపేట చీర కొంగు చివర
మా సంఘం పేరు నేసినందుకు
ఎవ్వనికీ పైస కట్టలే.

అదే పేరు ఇంటర్నెట్ల నిలవాలంటే
ఏటా ఎనిమిదొందల తొంభై.
రసీదు మొగులప్ప పేరు మీద,
బస్టాండు పక్క జిరాక్సు దుకాణం పిలగాడు.
పోయినేడు దుకాణమెత్తేసి
షాద్‌నగర్ కంపెనీల పడ్డడు.
గడువు ఎవ్వరి మతిల లేదు.

ఇప్పుడు మా పేరు కొడితే
రమ్మీ ఆట తెరుసుకుంటది.
వాపస్ కావాలంటే డాలర్లల్ల చెప్పిన్రు,
లెక్క గడితే అరవై చీరలు.

మీటింగుల లొల్లి.
సర్కారే కట్టాలె అని ఒకరు,
సర్కారు చేతికిస్తే ఇగ గంతే అని ఇంకొకరు.
బాలమణెమ్మ కండె చుట్టుకుంటనే అడిగింది:
"మొదలు అమ్మినోడు
ఎవని దగ్గర కొన్నడు?"

రిజిస్టరుల రాయనీకె జవాబు లేదు.
ఆ గీత ఖాళీగ ఇడిసి
కింద సంతకాలు తీసుకున్న.