సమ్హా, రెండోసారి

అల్ ఐన్ దాటి ఇసుకల నలభై నిమిషాలు పోతే
మా షెడ్డు.
సమ్హా చచ్చిపోయి మూడేండ్లు.
పోయిన నెల మళ్ల పుట్టింది.

రిజిస్టర్ల అట్లనే రాసుకున్నరు.
మెడ కాడి తోలు ముక్క, గోరంత,
ఏండ్లకేండ్లు గడ్డకట్టే చలిల దాచి,
ఎవరిదో గుడ్డు ఖాళీ చేసి అండ్ల పెట్టి,
ఏడు ఒంటెల కడుపులు కిరాయికి తీసుకుంటే
ఐదు జారిపోయినయి.
ఒకటి రెండో దినం నిలబడకనే పోయింది.
గుంత తవ్వింది నేనే.
దాని పేరు కూడా సమ్హానే.
ట్యాగు తీయమన్నరు, తీసిన.

ఇది బతికింది.
ఎడమ తొడ మీద అదే తెల్ల మచ్చ.
"కాదు, జర కిందికున్నది" అన్నడు ఇద్రీస్,
పాతదానికి పదకొండేండ్లు మేత పెట్టిన సూడాన్ ముసలాయన.

అర్బాబ్ వచ్చిండు. "సమ్హా" అన్నడు.
తల తిప్పలే.
మళ్ల అన్నడు, సచ్చిపోయిన వాళ్ల నాయిన పిలిచే తీరుగ
గొంతు సాగదీసి.
పిల్ల పొయ్యి మోసిన తల్లి పొదుగు కింద దూరింది.
ఆ తల్లికి పేరు లేదు.
నలభై ఒకటి.

రాత్రి వీడియో కాల్‌ల సుగుణకు చూపెట్టిన.
చానా సేపు మాట్లాడలే.
"వేములాడ రాజన్నకు ఇయ్యంగ
మనోని పుట్టెంటికలు రెండు దాచిన, కుంకుమ భరిణెల.
పనికొస్తయా, అడుగు."

ఎవర్నీ అడగలే.
"ఎంటికలతోటి కాదంట, తోలు కావాలంట" అన్న.
నిజమో అబద్ధమో నాకే తెల్వదు.
అన్నంక ఊపిరి పీల్చుకున్న,
పీల్చుకున్నందుకు సిగ్గుపడ్డ.

మా అక్కకు నాయినమ్మ పేరు పెట్టిన్రు, రాజవ్వ.
అత్త పేరు నోట పలుకరాదని
అమ్మ దాన్ని ఎన్నడూ అట్ల పిలవలే,
తిట్టాలన్నా "ఓ పిల్లా" అనే తిట్టేది.
పేరు అప్పు తెచ్చుకున్నం గని
మొకం దానికే ఇడిసిపెట్టినం.

ఇది చెప్పాల్సింది సుగుణకు.
వచ్చెటోనికి మనోని ముక్కే ఉండొచ్చు, చెవులే ఉండొచ్చు.
ఆ జరమొచ్చిన రాత్రి వానికి యాదుండదు.
మనకుంటది.
వాడు నవ్వినప్పుడల్లా
వాని భుజం మీదికెల్లి ఇంకొకనికోసం చూస్తం.
పాలపండ్ల వయసుల గంత బరువు
ఎట్ల మోస్తడు?
చెప్పలే. నెట్ పోయిందన్న.

తెల్లారి నాలుగింటికి బకెట్ పట్టుకొని పొయ్యిన.
పిల్ల లేచి నిలబడ్డది,
నాలుగు కాళ్లు నాలుగు దిక్కులకు.
"ఓ పిల్లా" అన్న.
చెవి ఇటు తిరిగింది.
అరచేతిల ఉప్పు పెట్టిన,
పాతది ఉప్పంటే పడి సచ్చేదంట.
వాసన చూసింది.
తుమ్మింది.