ఎడమచేతి కర్ర

మంగపేట రేవుల నా పడవకు చక్రం లేదు,
ఎడమ పక్కకు ఒక్క ఇనుపకర్ర.
నూకితే కుడికి, గుంజితే ఎడమకు.
ట్రాక్టరు తోలే మా బామ్మర్ది సాంబరాజు
రెండుసార్లు ఇసుక మేటకెక్కిచ్చిండు.

కుడిచెయ్యి ఖాళీగుంటది:
వల ఇడువొచ్చు, బీడి ముట్టియ్యొచ్చు.
అడుగున బండ ఉన్నదంటే
కండ్లకన్న ముందు అరచేతికి తెలుస్తది.

ఎదురుగాలిల మాత్రం
మొండి గొడ్డు.
ఇడిస్తే పడవ దాని ఇష్టం.
రాత్రంత భుజం కీలు సలుపుతది,
బామ్ రాసుకుంటనే సారక్క తిడతది:
"చక్రం పెట్టియ్యరాదు?"

ఏటూరునాగారంల రేటు అడిగొచ్చిన,
మల్ల ఆ ముచ్చట ఎత్తలే.

తెల్లారగట్ల నిద్రల
ఆమె చెయ్యి వట్టి ముందుకు నూకుతున్ననట.
"ఏంది, కుడికి మల్లాల్నా?"
అన్నది సారక్క,
మల్లింది గూడ.